కొండ మీద తరుగు

మా చిన్నప్పుడు కోతలయ్యాక కళ్ళంలో ధాన్యం రాశి పోసేవారు. ఎగరబోత పూర్తయి, కూలీలు అన్నాలకి చెట్టు కిందికి చేరగానే పిల్లలందరికీ ఒకటే పందెం, రాశి కొస ఎవరు ముందు అందుకుంటారని. అడుగు పైకి వేస్తే కాలు చీలమండ దాకా దిగబడి, అరడుగు కిందికి జారేది. ఊపు మీద పరిగెత్తినవాడు సగంలోనే బోర్లాపడేవాడు. మా తాతయ్య దూరం నుంచి చూసి "రాశి తొక్కకూడదర్రా, దిగండి" అని కేకేసేలోగా ఒకరో ఇద్దరో కొస చేరేవాళ్ళు. వాళ్ళెప్పుడూ పరిగెత్తేవాళ్ళు కాదు. ఏటవాలుగా, చిన్న చిన్న అడుగులతో, జారిన అడుగుకు కంగారుపడకుండా ఎక్కేవాళ్ళు.

చాలా ఏళ్ళ తర్వాత కాశ్మీరులో గడ్‌సర్ కనుమ కింద నిలబడి తలెత్తి చూస్తే నాకు మొదట గుర్తొచ్చింది ఆ రాశే. ఆ కనుమ ఎత్తు దాదాపు 4,200 మీటర్లు. వెనక్కి తిరిగితే విషన్‌సర్, కృషన్‌సర్ సరస్సులు నీలాకుపచ్చగా పరుచుకుని ఉన్నాయి. ముందు మాత్రం విరిగిన రాళ్ళూ, పొడి మట్టీ, వాటి మీద ఎవరో గీత గీసినట్టు సన్నటి దారి. రాతి పగుళ్ళలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, పగలు కరుగుతుంది. వేల ఏళ్ళు ఇలా జరిగి జరిగి కొండ తన ఒంటిని తానే కంకరగా చేసుకుంటుంది. ఆ కంకర వాలు మీదికి జారి, సుమారు 35 డిగ్రీల దగ్గర ఆగి నిలబడుతుంది. ట్రెక్కింగ్ చేసేవాళ్ళు దీన్ని స్క్రీ అంటారు. ఇంతకంటే నిటారుగా అయితే అది నిలవదు, కిందికి వచ్చేస్తుంది. అంటే మీరు అడుగుపెట్టే సమయానికే ఆ వాలు జారడానికి సిద్ధంగా ఉంటుంది. మీ అడుగు జారితే అందులో మీ తప్పేమీ లేదు.

ఈ చివరి మాట నాకు అర్థం కావడానికి నలభై ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసం రాస్తున్నదే అందుకు.

మాది మండపేట. చుట్టూ చేలు, కాలవలు, రైసు మిల్లులు. ఎటు చూసినా బల్లపరుపు నేల. పక్కనే తాపేశ్వరం, మడతకాజాకు పేరున్న ఊరు. ఇలాంటి చోట పుట్టినవాడికి కొండ ఏం నేర్పుతుంది, నేర్చుకున్నది ఏం చేసుకుంటాం అని అడిగేవాళ్ళున్నారు. కానీ కొండ మీద పనికొచ్చే మాట ఒకటి మా ఊరి మిల్లుల్లో రోజూ వినపడుతూనే ఉంటుంది. ఆ మాట తరుగు.

నూరు కిలోల ధాన్యం ఆడిస్తే పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అన్నది ప్రభుత్వ సేకరణలో మిల్లులకు పెట్టిన లెక్క. మిగతాది ఊక, తవుడు. మిల్లు గుమస్తా ఎవరూ ఆ 33 కిలోల కోసం తల పట్టుకుని కూర్చోడు. లోడు దిగకముందే పద్దులో రాసుకుంటాడు. తేమ ఎక్కువుంటే ఇంకొంచెం తరుగు. (కాటా దగ్గర రైతు గుండె కోసే తరుగు వేరే ఉంది. దాని మీద రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి, అదీ కోపంతో.) మరి మన జీవితం విషయంలో మాత్రం నూరు వడ్లకు నూరు బియ్యం రావాలని ఎందుకు పట్టుబడతాం? తొంభై రోజుల్లో పరీక్షకు సిద్ధమవుతానని తొంభై రోజులకూ పాఠాలు సర్దేస్తాం. నాలుగో రోజు జ్వరం వస్తుంది. అయిదో రోజు బాబాయి కూతురి నిశ్చితార్థం. ఆరో రోజు పుస్తకం మూసేసి "నా వల్ల కాదు" అంటాం. ఆ పుస్తకాన్ని మూయించింది జ్వరం కాదు. జ్వరానికి చోటు లేని లెక్క.

నేను వెళ్ళిన దారిని కాశ్మీర్ గ్రేట్ లేక్స్ అంటారు. శ్రీనగర్ నుంచి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని సోనమర్గ్ దగ్గర మొదలై, నారానాగ్ దగ్గర ముగుస్తుంది. మొత్తం డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు నడక. జులై నుంచి సెప్టెంబరు మధ్య దాకా వెళ్ళడానికి వీలు. మూడు కనుమలు దాటాలి: నిచ్‌నాయ్, గడ్‌సర్, జాజ్. దారి పొడుగునా సరస్సులే. కాశ్మీరీలో 'సర్' అంటే మన సరస్సే. సత్‌సర్ అంటే ఏడు సరస్సులు. ఒకప్పటి హిమనదులు కొండ ఒడిలో తొలిచిన గిన్నెల్లాంటి పల్లాల్లో మంచు కరిగిన నీరు నిలిచి ఏర్పడినవి ఇవి. విషన్‌సర్ నీళ్ళు కిషన్‌గంగ నదిలోకి పోతాయి. మధ్యలో సైనిక శిబిరాల దగ్గర గుర్తింపు కార్డులు చూపించాలి. గొర్రెల మందలతో బక్కర్వాల్ కాపరులు ఎదురవుతారు. వాళ్ళ నడక చూడండి. మీరు వంద అడుగులకు ఆగుతారు, వాళ్ళు ఆగరు. వేగంగా నడవరు కూడా.

నా తప్పు మొదటి కనుమ దగ్గరే జరిగింది. కాలవ గట్టు మీద మూడు నెలలు నడిచి సాధన చేశానన్న ధీమాతో నిచ్‌నాయ్ ఎక్కుతూ అందరికంటే ముందు నడిచాను. వెనక నుంచి మా సామాను గుర్రాలను తోలుకొచ్చే ఆయన "ఆహిస్తా, ఆహిస్తా", నెమ్మదిగా అని, అంటూనే ఉన్నాడు. విన్నాను, పట్టించుకోలేదు. సాయంత్రానికి విషన్‌సర్ గట్టున గుడారంలో తల పగిలిపోతోంది, అన్నం వాసన పడటం లేదు. మర్నాడంతా పడుకున్నాను. మిగతావాళ్ళు కృషన్‌సర్ దాకా షికారు వెళ్ళి వచ్చారు.

అక్కడ గాలిలో ఉన్న తరుగు నాకు తెలుసు, లెక్కలో మాత్రం వేసుకోలేదు. 4,200 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టం దగ్గర అందేదానిలో సుమారు 60 శాతమే. మా మిల్లు లెక్క కంటే తక్కువ. ఆ ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడాలంటే రోజులు ఇవ్వాలి. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి పడుకున్న చోటు కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదని, మూడు నాలుగు రోజులకొక విశ్రాంతి రోజు ఉండాలని పర్వత వైద్యం తెలిసినవాళ్ళు చెబుతారు. తలనొప్పి, వాంతి, తూలడం ఉంటే ఇంకా పైకి వెళ్ళకూడదు. ముదిరితే వెంటనే కిందికి దిగాలి. మాత్రలు వేసుకోవాలా వద్దా అన్నది బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. దీంట్లో మొహమాటాలకు తావు లేదు. తలనొప్పి దాచుకున్నవాడు తనతోపాటు జట్టు మొత్తాన్నీ ప్రమాదంలోకి లాగుతాడు.

గడ్‌సర్ వాలు మీద నన్ను గట్టెక్కించింది మాత్రం మా ఊరే. దమ్ము చేసిన చేలో నారు కట్టలు మోసుకెళ్ళే ఆడవాళ్ళను ఎప్పుడైనా గమనించారా? మోకాలి దాకా బురద. అడుగు అడుగుకూ పట్టు తప్పే నేల. అయినా పడరు. పాదం మొత్తం ఒకేసారి ఆనించి, బరువు కుదురుకున్నాకే రెండో కాలు తీస్తారు. ఒకచోట ఎక్కువసేపు నిలబడరు, నిలబడితే దిగబడిపోతారు. పక్కమనిషితో మాటలు కూడా నడుస్తూనే ఉంటాయి. చిన్నప్పుడు వాళ్ళ వెనక నేనూ నడిచాను. ఆ వాలు మీద అదే నడక నడిచాను. బూటు మొన రాళ్ళలోకి నెమ్మదిగా గుచ్చి, జారేది జారాక, మిగిలినదాని మీద నిలబడి, తర్వాతి అడుగు. ముందే జారి కుదురుకున్న పాదముద్రల్లో కాలు పెడితే సగం శ్రమ తగ్గుతుంది. పక్కమనిషితో మాట్లాడగలిగినంత వేగమే మీ వేగం. మాట తెగిపోతోందంటే తగ్గించాలి.

కిలిమంజారో మీద కూడా చివరి ఎక్కుడు ఇలాంటి రాళ్ళ వాలే. అక్కడి దారి చూపేవాళ్ళు స్వాహిలీలో "పోలే పోలే" అంటారు, మెల్లగా మెల్లగా అని. అర్ధరాత్రి బయల్దేరతారు. చలికి రాళ్ళు బిగిసి ఉండే వేళ అది, జారుడు తక్కువ. పని ఎప్పుడు మొదలుపెడితే తరుగు తగ్గుతుందో చూసుకోవడం కూడా ఆ లెక్కలో భాగమే. తెల్లవారుజామున చదువుకోమని మన పెద్దలు చెప్పిన మాటలో ఉన్నదీ ఇదే. ఇల్లు సద్దుమణిగి ఉంటుంది, ఫోను మోగదు, మనసు జారదు.

ఈ సంగతి పూర్తిగా తెలిసిన మన మనిషి ఒకరున్నారు. మల్లి మస్తాన్‌బాబు. 1974లో నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీజనసంఘంలో పుట్టారు. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్నారు. (మా రాజమండ్రి దగ్గర నరసింహస్వామి కొండ ఉన్న కోరుకొండ వేరు.) ఆ బడిలోనే చదివిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో సైన్యం చేపట్టిన ఎవరెస్టు యాత్రలో చనిపోయారు. కుర్రవాడి మనసులో కొండ నాటుకున్నది ఆయన వల్లే. తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశారు. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్, ఫిబ్రవరి 17న అకాంకాగువా, మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కోసియుస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఎల్‌బ్రస్, జులై 10న డెనాలి. కేలెండరు తీసి చూడండి. గురువారం, శుక్రవారం, బుధవారం, శనివారం, ఆదివారం, మంగళవారం, సోమవారం. ఏడు శిఖరాలు, వారంలోని ఏడు రోజులు.

ఈ తేదీల మధ్య ఖాళీలు చూస్తే నాకు ఇంకా గౌరవం కలుగుతుంది. కోసియుస్కో ఎత్తు 2,228 మీటర్లే. దానికీ ఎవరెస్టుకూ మధ్య యాభై రోజులు. ఎవరెస్టుకు ఒళ్ళు సిద్ధం కావాలంటే వారాలు కావాలని తెలిసినవాడు ఇచ్చిన రోజులవి. 6,961 మీటర్ల అకాంకాగువా మీద, మామూలు దారిలో వెళ్ళేవాళ్ళకు, శిఖరానికి కాస్త కింద కనాలెటా అనే రాళ్ళ గాడి ఎదురవుతుంది. అన్ని రోజులు నడిచి అలిసిపోయిన ఒంటిని, గాలి అందని ఆ ఎత్తులో, అడుగు వేస్తే అరడుగు జారే వాలు పరీక్షిస్తుంది. చాలామంది వెనక్కి తిరిగేది అక్కడే.

2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ట్రెస్ క్రూసెస్ సుర్ దగ్గర మస్తాన్‌బాబు ఒంటరిగా వెళ్ళి కనబడకుండా పోయారు. ఏప్రిల్ మొదట్లో ఆయన భౌతికకాయం దొరికింది. వయసు నలభై. ఆ వార్త చదివిన రోజు ఎంతసేపు అలా కూర్చుండిపోయానో నాకు తెలియదు. అంత తెలిసిన మనిషిని కూడా కొండ తీసుకుపోయింది. దీన్నుంచి తేలికైన నీతి ఏదీ తీయడం నాకు ఇష్టం లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. మన కొండలు ఆయన కొండలంత ఎత్తు లేవు. మనకు వెనక్కి తిరిగే అవకాశం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. దాన్ని వాడుకోవాలి.

పర్వతారోహకులు శిఖరానికి బయల్దేరే ముందు ఒక గడియ పెట్టుకుంటారు. మధ్యాహ్నం ఒంటి గంట అనుకుందాం. ఆ వేళకు శిఖరం అందకపోతే, అది పది నిమిషాల దూరంలో కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాలి. దిగడానికి వెలుతురు, ఓపిక మిగలాలి కదా. 1996 మే 10న ఎవరెస్టు మీద ఆ వేళ దాటిపోయాక కూడా పైకి నడిచినవాళ్ళున్నారు. సాయంత్రం తుపాను కమ్ముకుంది. ఆ ఒక్క తుపానులో ఎనిమిది మంది పోయారు. మీ పనికి కూడా అలాంటి గడియ పెట్టుకోండి, అదీ పని మొదలుపెట్టకముందే. ఈ వ్యాపారంలో ఇంత డబ్బు పోతే ఆపుతాను. ఈ పరీక్ష ఇన్నిసార్లు రాస్తాను, తర్వాత ఉద్యోగంలో చేరిపోతాను. వాలు మీద ఉన్నప్పుడు పెట్టుకునే గడియ పనికిరాదు. అప్పుడు మాట్లాడేది ఆశ. కింద, నేల మీద, కడుపు నిండి ఉన్నప్పుడు కాగితం మీద రాసుకున్నదే నిలబడుతుంది.

జాజ్ కనుమ దాటితే ఒక్కసారిగా కింద గంగాబల్, నుంద్‌కోల్ జంట సరస్సులు కనిపిస్తాయి. వాటి వెనక 5,142 మీటర్ల హరముఖ్. గంగాబల్ కాశ్మీరీ పండితులకు పుణ్యతీర్థం, పెద్దల అస్థికలు అక్కడే కలుపుకునేవారు. 1856లో మాంట్‌గోమరీ అనే సర్వే అధికారి ఈ హరముఖ్ కొండ మీద నుంచే రెండు వందల కిలోమీటర్ల అవతలి కారకోరం శిఖరాలను చూసి, పుస్తకంలో కె1, కె2 అని రాసుకున్నాడు. కె2కు ఇప్పటికీ అదే పేరు. ఆ సర్వేకు పునాది పడింది మాత్రం మన దక్షిణాదిలో, 1802లో మద్రాసు దగ్గర. తర్వాత అందులో పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్ అనే యువకుడు కృష్ణా గోదావరి నదుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ మలేరియా పాలయ్యాడు. కోలుకోవడానికి 1820లో ఆఫ్రికా కొసన ఉన్న కేప్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చి మళ్ళీ అదే పని పట్టుకున్నాడు. 1830లో దేశం మొత్తానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1865లో ప్రపంచంలోనే ఎత్తైన శిఖరానికి ఆయన పేరు పెట్టారు. మన అడవి జ్వరం ఆయన జీవితంలో కొన్ని నెలలను తరుగు కింద తీసుకుంది, పనిని తీసుకోలేకపోయింది. గంగాబల్ గట్టున కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న తాపేశ్వరం కాజాల్లో చివరిది తింటూ ఈ కథ తలుచుకుంటే నాకు చాలా ధైర్యం వచ్చింది.

దిగేటప్పుడు ఒక్క జాగ్రత్త. రాళ్ళ వాలు మీద భయంతో వెనక్కి వాలితే కాళ్ళ కింద పట్టు పోయి కూలబడతారు. ఒళ్ళు కాస్త ముందుకు పెట్టి, మడమ గుచ్చి దిగాలి. గంగాబల్ నుంచి నారానాగ్‌కు ఒక్క రోజులో 1,400 మీటర్ల దాకా దిగుడు, మోకాళ్ళు అరుస్తాయి. కింద పాత శివాలయాల రాళ్ళు కనిపించేదాకా ఒక్క అడుగూ పరధ్యానంగా వేయకూడదు.

సాధన గురించి అడిగేవాళ్ళకు నా సలహా చిన్నది. మండపేటలో కొండ లేదు, మిల్లు బియ్యం ఉన్నాయి. వీపు సంచిలో ముందు అయిదు కిలోల బియ్యం వేసుకుని రోజూ గంటసేపు కాలవ గట్టు మీద నడవండి. నెల తర్వాత ఎనిమిది కిలోలు. వారంలో రెండు రోజులు మేడ మెట్లు, అదే సంచితో ఎక్కి దిగండి. దిగడం కూడా సాధనే, మరవకండి. ఆదివారాలు అన్నవరం మెట్లో, కోరుకొండ మెట్లో. ఒకసారి మారేడుమిల్లి వైపు వెళ్ళి నిజమైన ఎత్తుపల్లాల మీద నడిచి రండి. 2014 మే 25న 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ ఎక్కడ మొదలుపెట్టింది? భువనగిరి కోట బండ మీద. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన ఆ పిల్ల ఇంటి ముందు హిమాలయం లేదు. బయల్దేరే ముందు డాక్టరుకు చూపించుకోండి, కొత్త బూట్లు రెండు నెలల ముందే కొని అరగదీయండి.

ఇక తరుగు పద్దు. కొత్త పని మొదలుపెట్టేముందు గడిచిన నెల తీసుకోండి. ఎన్ని రోజులు అనుకున్నది అనుకున్నట్టు చేశారు? ముప్ఫైలో పద్దెనిమిదా? అయితే మీ అసలు దిగుబడి నూటికి అరవై. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, గడ్‌సర్ గాలి కూడా అంతే ఇస్తుంది. చేతిలో వంద రోజులుంటే అరవై రోజులకు సరిపడే పనే సర్దండి. మిగతా నలభై పక్కన రాసుకోండి. షుగరు తగ్గించుకోవడానికి నడక మొదలుపెట్టినవాళ్ళు, అప్పు తీరుస్తున్నవాళ్ళు, సిగరెట్టు మానాలనుకునేవాళ్ళు, అందరికీ ఇదే లెక్క. ఆ నలభైలో ఒక రోజు ఖర్చయిన ప్రతిసారీ ఒక గీత పెట్టండి. పద్దులో ముందే చోటు ఉన్న ఖర్చు మనిషిని కుంగదీయదు.

మా వీధిలో ఒకమ్మాయి రెండుసార్లు గ్రూప్స్ రాసి రెండుసార్లూ ఆగిపోయింది. మూడోసారి చదవాలా వద్దా అని కిందటి నెల నా దగ్గరకు వచ్చింది. కాశ్మీరు కథంతా చెప్పాను. మాట్లాడకుండా విని వెళ్ళిపోయింది. మొన్న పొద్దున్న కాలవ గట్టు మీద ఎదురైతే ఆగి, చేతిలోని నోటుపుస్తకం తెరిచి చూపించింది. నూట ఇరవై రోజుల ప్రణాళిక. ముప్ఫై రోజులు విడిగా ఒక గడిలో రాసుకుంది, పైన 'తరుగు' అని పేరు పెట్టి. దాని కింద గీతలు. అమ్మకు జ్వరం, నాలుగు. అక్క సీమంతం, మూడు. ఏడుపు, రెండు. ఊరికే, రెండు.

"పదకొండు అయిపోయాయి మాస్టారూ," అంది. "ఇంకా పంతొమ్మిది ఉన్నాయండి."